తిరిగి పంపవలసిన సామాను: పన్నెండు మంది విద్యార్థులు

1999 ఏప్రిల్ నెలాఖరులో నన్ను మా డిగ్రీ కళాశాలలో ప్రత్యేక విద్యా పథకాల సమన్వయకర్తగా నియమించారు. అప్పటికి నేను గణితశాఖలో సీనియర్ లెక్చరర్‌ని. సీనియర్ అంటే స్టాఫ్‌రూములో ఫ్యాను కింది కుర్చీ నాదని అర్థం. అంతకు మించి ఆ హోదాకు మరో ప్రయోజనం ఉన్నట్టు నా సర్వీసు మొత్తంలో ఎక్కడా బయటపడలేదు. నియామకపు ఉత్తర్వులో 'అదనపు బాధ్యత' అన్న మాట ఉంది. కళాశాల భాషలో దాని అర్థం: పని పెరుగుతుంది, జీతం పెరగదు, ఏదైనా తప్పు జరిగితే రాసుకోవడానికి ఒక పేరు సిద్ధంగా ఉంటుంది.

ఈ ప్రత్యేక పథకాల పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. అంతకు ముందు ఏడాది విశ్వవిద్యాలయం నుంచి తనిఖీ సంఘం వస్తుందని తెలిసి మా ప్రిన్సిపాల్ గారు నున్నటి కాగితం మీద రంగుల కరపత్రం ఒకటి వేయించారు. మా విద్యార్థులకు అందుబాటులో ఉన్న ప్రత్యేక అవకాశాలు అందులో పదకొండు. వేసవిలో పరిశ్రమల్లో అధ్యయనం ఉంది. డిగ్రీ స్థాయిలోనే పరిశోధన ఉంది. విదేశీ విశ్వవిద్యాలయాలతో విద్యార్థుల మార్పిడి కూడా ఉంది. మార్పిడి కింద మాకు అందింది ఒక గోడ క్యాలెండరు. మేము పంపింది ఏమీ లేదు. మిగిలిన పది పథకాలు ఆ మాత్రం కూడా సాగలేదు. సంఘం వారు జీడిపప్పు పకోడీ తిని, కరపత్రం తిరగేసి, 'ప్రశంసనీయం' అని రాసి వెళ్లిపోయారు. కథ అక్కడితో సుఖాంతం కావలసింది. కానీ ఆ కరపత్రాన్ని ఎవరో నిజమని నమ్మారు.

నమ్మినది హైటెక్ సిటీలో కొత్తగా దిగిన ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ. మీ వేసవి అధ్యయన పథకానికి మేము సిద్ధమే, పన్నెండు మంది రెండో సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థులను ఆరు వారాలకు పంపండి అని ఉత్తరం రాశారు. వారిలో ఒకరిని ఎంచుకుని మూడో సంవత్సరమంతా తమ దగ్గరే ఉంచుకుంటామన్నారు. వారానికి నాలుగు రోజులు అక్కడ పని నేర్చుకోవడం, రెండు రోజులు కళాశాలలో పాఠాలు, అక్కడి ప్రాజెక్టుకు డిగ్రీలో మార్కులు. ఉత్తరాన్ని ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చదివారు. ఆయన ఉద్యోగ జీవితంలో ఒక పథకం నిజం కావడం అదే మొదటిసారి. తేరుకున్నాక చేసిన మొదటి పని నన్ను పిలిపించడం.

ఆ రోజుల్లో మా కళాశాల నుంచి హైటెక్ సిటీకి పోవడమంటే దండయాత్ర. కొండాపూర్ దాటాక రోడ్డు ఉన్నచోట బస్సు లేదు, బస్సు ఉన్నచోట రోడ్డు లేదు. రాయదుర్గం వైపు మధ్యాహ్నం బండలు పేల్చేవారు. ఆ దుమ్ము మీసాల్లోంచి వదలడానికి నాకు మరుసటి ఏడాది దసరా దాకా పట్టింది. ఆ బండల మధ్య అద్దాల భవనం. బయట మే నెల ఎండకు బస్సు పైకప్పు మీద దోసె వేసుకోవచ్చు. లోపల చల్లదనానికి మా పిల్లల్లో ఇద్దరు మూడో రోజు నుంచి మంకీ క్యాప్‌లు తెచ్చుకున్నారు.

మొదటి రోజు ఉదయం ఎనిమిదిన్నరకు పన్నెండు మందినీ వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. సెక్యూరిటీ హెడ్ గార్డు యాదగిరి మెదక్ మనిషి. ఆయన ముందు బల్ల మీద నాలుగు రిజిస్టర్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎంత బరువంటే, దాన్ని తెరవడానికి ఒకరు, మూయడానికి ఇద్దరు కావాలి. ఉద్యోగులకు ఒకటి, సందర్శకులకు ఒకటి, కాంట్రాక్టు కూలీలకు ఒకటి, సామానుకు ఒకటి. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఈ సంస్థ విదేశాల్లోని గిడ్డంగులకు సామాను లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మేది. తన గేటు దగ్గర మాత్రం కార్బన్ పేపరు వాడేది.

"ఉద్యోగులా సారూ?" అని యాదగిరి అడిగాడు. కాదన్నాను. "మరి కూలీలా?" కూలీలైతే కాంట్రాక్టరు లైసెన్సు నంబరు కావాలట, నెత్తికి టోపీలు కావాలట. సందర్శకులమన్నాను. సందర్శకుల చీటీ రెండు గంటల వరకే చెల్లుతుంది, ప్రతి రెండు గంటలకూ పన్నెండు మందీ గేటుకు వచ్చి కొత్త చీటీ రాయించుకోవాలి. "గట్లయితే ఇగ వాళ్లు లోపల జేసేది ఏముంది సారూ, పొద్దుగూకే దాక నా ముంగటనే లైను గడ్తరు" అన్నాడు యాదగిరి. ఆయన మాటలో న్యాయం ఉంది.

అప్పుడు స్టోర్స్ మేనేజర్ సత్యమూర్తి గారు వచ్చారు. తణుకు వైపు మనిషి. ఒక పంచదార ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు స్టోర్స్ చూసి, ఆ పద్ధతులన్నీ చెక్కు చెదరకుండా ఈ అద్దాల భవనంలోకి తెచ్చుకున్నారు. పిల్లలను ఒకసారి పైనుంచి కింది దాకా చూసి, "దీనికంత కంగారెందుకండీ లెక్చరర్ గారూ, వీళ్లు వస్తారు, ఆరు వారాలుంటారు, మళ్లీ మీ దగ్గరికే వెళ్లిపోతారు. అంతే కదండీ? దానికి మన దగ్గర లక్షణమైన చీటీ ఉందండీ" అన్నారు.

ఆ లక్షణమైన చీటీ పేరు రిటర్నబుల్ గేట్ పాస్. మరమ్మతుకో పరీక్షకో బయటి సంస్థ నుంచి తాత్కాలికంగా లోపలికి వచ్చి, పని కాగానే తిరిగి వెళ్లిపోవలసిన సామానుకు అది ఇస్తారు. తెల్ల ప్రతి స్టోర్స్‌కు, గులాబీ ప్రతి గేటుకు, పసుపు ప్రతి సామాను పంపినవారికి. సత్యమూర్తి గారు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారు. వస్తువు: డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులు. సంఖ్య: పన్నెండు. తిరిగి పంపవలసిన గడువు: ఆరో వారం శుక్రవారం. స్థితి అన్న గడి దగ్గర ఆగి, "వర్కింగ్ కండిషనే కదండీ?" అని అడిగారు. లైను చివర నిలబడి ఆవులిస్తున్న కుర్రాణ్ని యాదగిరి చూపించి, "గాయన సంగతి నేను జెప్పలేను సార్" అన్నాడు.

సామాను పంపినవారి ప్రతినిధి అన్నచోట నేను సంతకం చేశాను. చీటీ వెనక సన్న అక్షరాల్లో పద్నాలుగు నిబంధనలున్నాయి. నేను చదవలేదు. గణితంలో పట్టభద్రుణ్ని, కాగితం వెనక కూడా ఒక పక్క ఉంటుందని నాకు తెలియక కాదు. ఎండగా ఉంది.

రోజూ సాయంత్రం పిల్లలు 'తాత్కాలికంగా బయటకు' వెళ్లేవారు, ఉదయం అదే సంఖ్యలో లోపలికి వచ్చేవారు. సంఖ్య తగ్గకూడదు. రెండో వారంలో ఒకడు జ్వరంతో రాకపోతే, 'ఒక వస్తువు రవాణాలో ఆగిపోయినది' అని నేను లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకున్నాను. మూడో వారంలో ఇంకొకడు క్యాంటీన్ వెనక సందులోంచి ఇరానీ చాయ్ కోసం దూరి వెళ్లాడు. సాయంత్రం లెక్కకు పదకొండు మందే తేలారు. వాడు దొరికేదాకా ఆ పదకొండు మందినీ యాదగిరి గేటు దాటనివ్వలేదు. "లెక్క తప్పితే నా నౌకరి పోతది బిడ్డా, జర గిక్కడ్నే కూసోండ్రి" అని కుర్చీలు వేయించి మంచినీళ్లు ఇప్పించాడు. సామాను పట్ల అంత మర్యాద నేను మరెక్కడా చూడలేదు.

ఇక చదువు సంగతి. పన్నెండు మందిలో స్వరూప అనే అమ్మాయి ఉండేది. జనగామ వైపు. నిజాంపేటలో అన్న తీసుకున్న అద్దె గదిలో ఉండేది. అన్న ఆఫీసు జీపు డ్రైవరు. ఆయనకు ఆ జూన్ నెలాఖరులో వేరే ఊరికి డ్యూటీ మారుతోంది. చెల్లెలికి ఈ మూడో సంవత్సరం సీటు వస్తే గది ఉంచుతాననీ, లేకపోతే టీసీ తీసుకుని జనగామకు పొమ్మనీ చెప్పేశాడు. జనగామలో ఆమె చేరగల కళాశాలలో కంప్యూటరు కోర్సు లేదు. ఒకవేళ మా దగ్గరే ఉన్నా పెద్ద ఒరిగేది లేదనుకోండి. మా కంప్యూటర్లు మూడు. ఒకటి పనిచేయదు, ఒకటి పనిచేస్తుందో లేదో తెలియదు, మూడోది ప్రిన్సిపాల్ గారి గదిలో పట్టుగుడ్డ కప్పుకుని పూజలందుకుంటోంది. మూడో సంవత్సరం ప్రోగ్రాములన్నీ మేము నల్లబల్ల మీద సుద్దముక్కతోనే నడిపించేవాళ్లం. అవి ఎప్పుడూ తప్పు చూపించేవి కావు.

సంస్థలో శిక్షణ చూసే మాధవి గారు స్వరూపకు గిడ్డంగి సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పని ఇచ్చారు. అది అమ్మకానికి సిద్ధమైన సరుకు. ఏదో పిల్లలకు అలవాటు కావడానికి ఇచ్చిందే. నాలుగో వారంలో స్వరూప ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఒకసారి బయటికి వెళ్లిన వస్తువు లోపలికి రాకుండానే మళ్లీ బయటికి వెళ్లినట్టు రాస్తే ఆ ప్రోగ్రాము నోరు మూసుకుని ఒప్పుకుంటోందట. "యాదగిరి సార్ అయితే ఒప్పుకోడు మేడం" అందట. ఆ భవనంలో పెద్ద పెద్ద జీతాలు తీసుకునే పాతిక మంది కళ్లు దాటిపోయిన లోపం అది. వారం తిరిగేసరికి ఎంపిక జాబితా తయారైంది. మొదటి పేరు స్వరూప. ఆమె చేరకపోతే రెండో పేరు కిరణ్. ఇద్దరూ కాకపోతే సీటు వేరే కళాశాలకు.

ఆరో వారం శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆ పేరు విశ్వవిద్యాలయానికి ఫ్యాక్సు చేయాలి. ఆ లోపు ఎంపికైన విద్యార్థి, సంస్థలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ విభాగంలో సంతకం చేయాలి. మధ్యాహ్నం మూడింటికి స్వరూప సంతకానికి వెళ్లింది. మూడుంబావుకు తిరిగి వచ్చింది. "సార్, నా పేరు ఆల్రెడీ స్టోర్స్ పుస్తకంల ఉన్నదంట. మల్లొక పుస్తకంల రాయరంట" అంది.

నేను సత్యమూర్తి గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన చీటీ వెనక్కి తిప్పి తొమ్మిదో నిబంధన మీద వేలు పెట్టారు. తిరిగి పంపవలసిన సామానును సంస్థ ఉంచుకోదలిస్తే, పంపినవారు దాని మీద తమకు ఇక ఏ హక్కూ లేదని రాసివ్వాలి, ఆ తరువాత దాన్ని తనిఖీ చేసి ఆమోదించాలి. "ఒకే వస్తువు రెండు పుస్తకాల్లో కనబడితే ఆడిట్ వాళ్లు నన్ను బతకనిస్తారా అండీ?" అన్నారు. తనిఖీ ఫారం కూడా తీశారు. కొలత, బరువు, పగుళ్లు, తుప్పు అని గడులున్నాయి.

స్వరూప ఆ ఫారం వంక చూసి, "తూకమేస్తరా ఏంది సార్ నన్ను?" అంది. సత్యమూర్తి గారు నొచ్చుకున్నారు. "అబ్బే, నీకు బరువు గడి కొట్టేస్తానమ్మా" అని హామీ ఇచ్చారు.

హక్కు వదులుకునే కాగితం మీద నేను సంతకం చేస్తానన్నాను. చెల్లదట. సామాను పంపే అధికారం నాకుంది, వదులుకునే అధికారం ప్రిన్సిపాల్ గారిది. రిసెప్షన్ నుంచి ఆయనకు ఫోను చేశాను. విషయమంతా విని ఆయన గంభీరంగా ఇలా సెలవిచ్చారు: కళాశాలకు చెందిన దేనినైనా బయటివారికి శాశ్వతంగా ఇవ్వాలంటే పాలకమండలి తీర్మానం ఉండాలి, పాత బల్లలు వేలం వేసినప్పుడు కూడా అదే పద్ధతి పాటించాం, పాలకమండలి సమావేశం ఆగస్టులో. అమ్మాయి బల్ల కాదండీ అన్నాను. "ఆ సంగతి మీరు సంతకం చేసేటప్పుడు ఆలోచించాల్సింది" అన్నారు. ఉద్యోగంలో ఆయన నాతో అన్న మాటల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే.

అప్పటికి మూడూ నలభై. మాధవి గారు పర్సనల్ విభాగంతో మూడంతస్తులకు వినబడేలా వాదిస్తున్నారు. స్వరూప మాత్రం మెట్ల మీద కూర్చుని పసుపు ప్రతి వెనక ఉన్న పద్నాలుగు నిబంధనలూ చదువుతోంది. ఆరు వారాల్లో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమే. చదవడం అయ్యాక లేచి, "సార్, ఉంచుకుంటేనే గదా ఈ లొల్లి. వాపస్ ఇస్తే?" అంది.

నాకు అర్థం కాలేదు. వివరించింది. ఈ రోజే గడువు. సామాను గేటు దాటి, పాస్ మీద 'తిరిగి పంపబడినది' అని ముద్ర పడితే, స్టోర్స్ పుస్తకంలో తన పేరు ఉండదు. గేటు బయట తాను ఉత్త మనిషి. ఉత్త మనిషి సందర్శకుల చీటీ మీద లోపలికి రావచ్చు, పర్సనల్‌లో సంతకం చేయవచ్చు. రెండు గంటలు ఎక్కువే.

సత్యమూర్తి గారి ముఖం వెలిగిపోయింది. "భేషుగ్గా కుదురుతుందండీ! కాకపోతే లాటు విడదీయడానికి లేదు. పన్నెండూ ఒకేసారి వెళ్లాలి" అన్నారు.

భవనమంతా గాలించి పిల్లలను పోగుచేశాను. ఒకణ్ని క్యాంటీన్‌లో ఇడ్లీ మధ్యలోంచి లేపాను. ఇద్దరిని కిటికీ దగ్గర బండలు పేలడం చూస్తుండగా పట్టుకున్నాను. నాలుగూ ఇరవైకి గేటు దగ్గర పదకొండు మంది. పన్నెండోవాడు కిరణ్. జాబితాలో రెండో పేరు.

కిరణ్ నాలుగో అంతస్తులో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. మానిటరు ఆర్పేసి ఉంది. వాళ్లది భీమవరం, నాన్నగారు సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు. చెడ్డ పిల్లాడేం కాదు. "నేను కిందికొస్తే సీటు ఆ అమ్మాయికి వెళ్లిపోతుంది కదండీ. అయిదు దాకా ఇక్కడే ఉంటే రెండో పేరు నాదే కదండీ" అన్నాడు. నీతులు చెప్పడానికి నా దగ్గర సమయం లేదు, అలవాటు అంతకన్నా లేదు. లెక్కల మాస్టారిని కాబట్టి లెక్క చెప్పాను. "నువ్వు దిగకపోతే ఆమె వస్తువే, నువ్వూ వస్తువే. వస్తువులకు పర్సనల్ వాళ్లు సంతకం పెట్టించరు. అయిదింటికి సీటు వేరే కాలేజీకి పోతుంది. దిగితే ఆమెది ముందు అవకాశం, ఆమెకు ఏదైనా అడ్డం వస్తే నీది. ఇక్కడ కూర్చుంటే నీ అవకాశం సున్నా."

కిరణ్ మూడు సెకన్లు ఆలోచించాడు. తరువాత వాడు మెట్లు దిగిన వేగం నేను మళ్లీ ఏ ఒలింపిక్స్‌లోనూ చూడలేదు. లిఫ్టులో నేను కిందికి చేరేసరికి వాడు గేటు దగ్గర స్వరూప పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆమెకు అడ్డం వచ్చేది ఏమైనా ఉందేమోనని ఆశగా చూస్తూ.

యాదగిరి గులాబీ ప్రతి తీసి ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టాడు. పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండే. నాలుగూ ముప్పై ఎనిమిదికి ముద్ర పడింది. గేటు బయట అడుగు పెట్టిన స్వరూప అక్కడే వెనక్కి తిరిగి లోపలికి వచ్చి సందర్శకుల రిజిస్టరు ముందు నిలబడింది. యాదగిరి ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "పేరు?" చెప్పింది. ఆరు వారాలుగా రోజుకు రెండుసార్లు ఆమెను లెక్కపెట్టిన మనిషి. "ఎవర్ని కలవాలె?" మాధవి మేడంని. "పని ఏంది?"

"చదువు" అంది.

యాదగిరి పెన్ను ఆగింది. ఆ గడిలో రాయడానికి ముందే అచ్చు వేసిన కారణాలు నాలుగే: అమ్మకం, మరమ్మతు, ఇంటర్వ్యూ, సొంత పని. చదువు లేదు. గడియారం నలభై అయిదు దాటింది. కిరణ్ మెడ చాచి చూస్తున్నాడు. "ఏది గొట్టాలె బిడ్డా? పరేషాన్ జేస్తున్నవ్" అన్నాడు యాదగిరి.

"మరమ్మతు గొట్టు కాకా. లోపలున్న ప్రోగ్రాము ఇంక సక్కగ కాలేదు."

యాదగిరి టిక్కు పెట్టాడు. నాలుగూ యాభై మూడుకు ఆమె సంతకం అయింది. అయిదింటికి ఫ్యాక్సు వెళ్లింది. కిరణ్ మరమ్మతు గడి వంక ఒకసారి చూసి, బస్సు కోసం వెళ్లిపోయాడు. వాడి మూడో సంవత్సరం మా నల్లబల్ల దగ్గరే గడిచింది. మంచి మార్కులే తెచ్చుకున్నాడు, సుద్దముక్కతో.

స్వరూప వాళ్ల అన్న గది ఉంచాడు. ఆ ఏడాది ఆమె చేసిన ప్రాజెక్టుకు విశ్వవిద్యాలయం మార్కులు వేసింది. మార్కుల జాబితాలో అటువంటి ప్రాజెక్టుకు వరుస లేకపోవడంతో వాటిని ప్రయోగశాల మార్కుల కింద చూపారు. మా కరపత్రం తరువాతి ముద్రణలో పథకాలు పదమూడయ్యాయి. వేసవి అధ్యయనం పేరు పక్కన 'దిగ్విజయంగా అమలవుతున్నది' అని వేశారు. గేటు దగ్గర నిలబడిన పన్నెండు మంది ఫోటో కూడా ఉంది. వెనక యాదగిరి లెక్కపెడుతూ కనిపిస్తాడు.

సమన్వయకర్తగా నేను మరో ఆరేళ్లు పనిచేసి, తరువాత స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఈ వ్యవహారం వల్ల రెండు విషయాలు నేర్చుకున్నాను. మొదటిది, ఒక సంస్థ విద్యార్థులను పంపమని ఉత్తరం రాస్తే పాఠ్యాంశాల గురించి ఆరా తీయడానికి ముందు ఆ పిల్లలను ఏ పుస్తకంలో రాస్తారో కనుక్కోవాలి. అటువంటి పుస్తకం లేకపోతే అది తయారయ్యే దాకా పిల్లలను పంపకూడదు. రెండోది, ఎవరినైనా లోపలికి పంపే కాగితం మీద సంతకం చేసేవాడికి వారిని ఆ కాగితంలోంచి బయటికి తెచ్చే అధికారం కూడా ఉండాలి. నాకు లేదు. ఉందో లేదో నేను అడగలేదు. ఆ తప్పు నాది. దాన్ని సరిదిద్దింది నేను కాదు.